మడమలో చేంతాడు

"పాత చేంతాడులా పీచులు లేచిపోయిందమ్మా. జాగ్రత్త, ఎప్పుడైనా పుటుక్కున తెగచ్చు." నా మడమ స్కాన్ ఫిల్ము చూస్తూ ఇంతే చెప్పి డాక్టర్ గారు తర్వాతి పేషెంటును పిలిచారు. బెంగళూరు మారతహళ్లిలో తెలుగు మాట్లాడే డాక్టరని వెతుక్కుని మరీ వెళ్లాను. తెలుగులో చెప్పారు కాబట్టే ఆ మాట అంత లోతుకు దిగిందేమో.

నేను స్కూల్ టీచర్ని, రోజంతా నిలబడే పని. కండను ఎముకకు కలిపే తాడులాంటిదాన్ని టెండన్ అంటారు. పిక్క నుంచి మడమకు దిగే లావు టెండన్, దాన్నే అకిలిస్ అంటారు, అక్కడ ఏడు నెలలుగా నొప్పి. మాత్రలు, ఐసు, మెత్తటి చెప్పులు అన్నీ అయ్యాయి. ఆ మాట విన్నాక అవసరమైతే తప్ప నడవడమే మానేశాను.

జూలైలో ఒక రాత్రి వాన, కరెంటు లేదు, రెండు దాటింది. మా రెండున్నరేళ్ల బాబు జ్వరంతో కాలిపోతూ లేచి ఏడ్చాడు. మా ఆయనకు నైట్ షిఫ్ట్. ఎత్తుకుందామని వంగేసరికి ఆ చేంతాడు కళ్లముందు కనిపించింది. పిల్లాడు పన్నెండు కిలోలు. ఈ బరువుకు తెగితే? వాడితో సహా పడిపోతే? చేతులు వెనక్కి తీసుకున్నాను. వాడు రెండు చేతులూ చాచి అలాగే ఏడుస్తున్నాడు. పక్క గదిలోంచి అత్తయ్య వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా, వాణ్ని భుజాన వేసుకుని వెళ్లారు. ఆవిడకు పదేళ్లుగా మోకాళ్ల నొప్పులు. నేను మంచం కోడు పట్టుకుని కిందే కూర్చుండిపోయాను, తెల్లారేదాకా మడమను అరచేత్తో కప్పుకుని.

తోటి టీచరు బలవంతం మీద ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. కోలారు అమ్మాయి, సగం కన్నడం, సగం తెలుగు. కాలు ముట్టుకోకముందే అరగంట నా మాట విన్నది. తర్వాత, "అక్కా, ఎడమ కాలు నొప్పిగా ఉందా?" అంది. లేదన్నాను. దానికీ అల్ట్రాసౌండ్ తీయించమంది. రిపోర్టు చూస్తే ఎడమ టెండన్ కూడా లావెక్కి ఉంది, దాదాపు అవే మార్పులు. ఆ కాలితో ఇన్నాళ్లూ హాయిగా మెట్లెక్కుతున్నాను!

స్కాన్‌లో కనిపించేదీ, నొప్పీ ఎప్పుడూ ఒకటి కావని అప్పుడు చెప్పింది. "నీ నొప్పి నిజమే అక్కా, ఊహ కాదు. కానీ దొంగలు పడిన ఇంట్లో ఆ తర్వాత పిల్లి దూకినా అందరూ లేచి కూర్చుంటారు కదా, నీ నరాలూ అలాగే ఉన్నాయి." కాలి నుంచి వచ్చే కబురుకు భయం, నిద్రలేమి, విన్న మాటలు కూడా కలిపి ప్రమాదం ఎంతో మెదడు లెక్కేస్తుందట. పైగా కదపకుండా దాచిన కొద్దీ టెండన్‌కు బరువు మోసే శక్తి తగ్గుతుందట. నేను చేసిందంతా అదే.

స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్సన్ అనే సర్జన్‌కూ ఈ నొప్పే ఉండేదని చెప్పింది. ఆపరేషన్ చేయడానికి ఆయన పై డాక్టరు ఒప్పుకోకపోతే, తెగితే చేయక తప్పదని, ఎలాగైనా టెండన్ తెగాలనే మడమకు బరువైన వ్యాయామం మొదలుపెట్టాడట. తెగలేదు, నొప్పి తగ్గింది. ఆ పద్ధతి 1998లో ప్రచురించారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించాలి. మోకాలు చాచి 15 చొప్పున 3 సార్లు, వంచి 3 సార్లు, రెండు పూటలా, 12 వారాలు. అంటే రోజుకు 180. నాకు కొంచెం కొంచెంగా పెంచింది. పదికి అయిదు దాకా నొప్పి ఉన్నా చేయొచ్చు, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి దిగితే చాలు అంది.

డాక్టర్ గారి మీద కోపం ఇంకా పోలేదు. ఫిల్ము సరిగ్గానే చదివి ఉంటారు. నా ముఖం చదవలేదు. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే నా బిడ్డను నేనే ఎత్తుకునేదాన్ని.

మీకూ ఇలాంటి నొప్పి ఉంటే, "ఈ కాలితో నేను ఏమేం చేయొచ్చు?" అని తప్పకుండా అడగండి. టప్‌మని శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి, అది వేరే సంగతి.

నా కాలు బాగైతే అలిపిరి మెట్లెక్కిస్తానని అత్తయ్య మొక్కుకున్నారు. ఫిబ్రవరిలో వెళ్లాం. ఆవిడ బస్సులో వచ్చారు, నేను 3550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర మడమ లాగింది. ఎంత అని నన్ను నేను అడిగాను. నాలుగు. గోవిందా అనుకుని కాసేపు కూర్చుని, మళ్లీ లేచాను.

తెల్లారి కొండ మీద గదిలో మంచం దిగి మొదటి అడుగు వేశాను. పట్టేసింది. కిటికీ దాకా వెళ్లేసరికి వదిలింది. బాబు అప్పుడే లేచి చేతులు చాచాడు. ఎత్తుకున్నాను.