లేటోలి ఎ అచ్చులు: జాతి గడిలో ఏం రాయాలి?

ఈరోజు పనంతా లేటోలి ఎ స్థలం అచ్చుల త్రీడీ నమూనాల మీదే. టాంజానియాలో సుమారు 36.6 లక్షల ఏళ్ల కిందట, తడిసిన అగ్నిపర్వత బూడిదలో వరుసగా పడ్డ ఐదు అడుగులివి. 1976లో బయటపడ్డాయి. రెండేళ్లకే లేటోలిలోనే జి అనే స్థలంలో అంతకన్నా చక్కని అడుగుల జాడ దొరికేసరికి వీటి మాట వెనక్కి పోయింది. ఎలుగుబంటివేమో అన్నవాళ్లూ ఉన్నారు. 2019లో మళ్లీ తవ్వి, ఇవి నిటారుగా నడిచిన హోమినిన్ (మనిషి వంశపు జీవి) అడుగులేనని 2021లో ప్రకటించారు.

అచ్చు కనబడగానే కళ్లు వేళ్ల మీదికి పోతాయి. ముందు చూడాల్సింది మడమ. ఎలుగు మడమ సన్నం, ఈ అచ్చుల్లో వెడల్పు. వేళ్ల సంగతి ఆ తర్వాతే. ఎలుగుకి లోపలివైపు వేలే అన్నిటికన్నా చిన్నది, అందుకే దాని కుడి అడుగు మన ఎడమ అడుగులా కనబడి మోసం చేస్తుంది. కుడో ఎడమో తేలాలంటే వరుస చూడాలి. ఇక్కడ ఆ వరుసలోనే ఒక కాలు రెండో కాలిని దాటి అవతల పడింది. ఎలుగు లేచి నడిస్తే కాళ్లు ఎడంగా వేస్తూ ఊగుతుంది, ఒంటికాలి మీద అంత నిలకడ దానికి లేదు. నా లెక్కలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

పొడవును అచ్చు పై అంచు దగ్గర కాకుండా అడుగున కొలవాలి. నేల మరీ తడిగా ఉంటే గోడలు లోపలికి జారి పాదం పొట్టిదవుతుంది, మడమ జారితే పొడుగవుతుంది. జి స్థలంలో ఒకరి అడుగులో ఇంకొకరు అడుగేశారు, ఆ అచ్చుల పొడవు పట్టుకుని నడిచినవాళ్ల ఎత్తు లెక్కకట్టకూడదు. పాదం ఎత్తులో సుమారు 15 శాతమన్నది ఎటూ మన ఒంటి లెక్క. అరికాలి మధ్య ఉబ్బును చూసి ఎముకల వంపే అచ్చు పడిందనుకోవడం ఇంకో పొరపాటు. మడమ దిగి, ఆపైన పాదం ముందుభాగం నేలను వెనక్కి తోసేటప్పుడు మధ్యలో మట్టి అలా మిగులుతుంది. అందులో పాదం ఆకారం ఎంతో, నడక తీరూ అంతే.

జాతి పేరు మాత్రం పొర వయసు, అదే కాలపు ఎముకలు కలిస్తేనే వస్తుంది. జి జాడను ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్ అనే పాత హోమినిన్ జాతికి కట్టబెట్టడానికి పెద్ద కారణం, ఆ జాతికి మూల నమూనా (పేరు పెట్టడానికి ఆధారమైన శిలాజం) అయిన దవడ లేటోలిలోనే దొరకడం. అలాగని ఆ కాలపు అడుగులన్నీ దానివే అనుకోలేం. ఇథియోపియాలోని బుర్టెలెలో దొరికిన 34 లక్షల ఏళ్ల నాటి పాదానికి కొమ్మను పట్టుకోగల బొటనవేలుంది. కెన్యాలోని కూబీ ఫోరాలో అయితే 15 లక్షల ఏళ్ల కిందట ఒకే బురదలో రెండు రకాల అడుగులు పడ్డాయి. ఒకటి మన ప్రజాతికే చెందిన హోమో ఎరెక్టస్‌ది, రెండోది పరాంత్రోపస్ బోయిసీ అనే వేరే హోమినిన్‌ది కావచ్చని 2024లో చెప్పారు.

పట్టికలో ఎ అచ్చుల ఎదుట ‘హోమినిన్, జాతి తేలలేదు’ అనే రాశాను. రేపు బొటనవేలి కోణాన్ని జి అచ్చులతో పక్కపక్కన పెట్టి కొలవాలి.