గంటకు నలభై

పొద్దున ఆరింటికి మరిది లేపాడు. "వదినా, రాత్రంతా గంటకు 40 చొప్పున వచ్చిందట." ఐసీయూలో ఉన్న చెల్లి యూరిన్ సంగతి. ఐదు రోజుల కిందట ఎవరైనా ఈ మాట అంటే వింతగా చూసేదాన్ని. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుసు, గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదని. అమ్మ ఆ మాట విని రెండు చేతులూ జోడించింది.

ఎనిమిదో నెలలో చెల్లి బీపీ 170/110కి వెళ్ళింది. ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి పాపను తీశారు. లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయాయి. మొదటి రాత్రి నర్సు కాసేపటికోసారి చిన్న సుత్తితో చెల్లి మోకాలి దగ్గర తట్టి చూసేది. ఫిట్స్ మళ్ళీ రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఒంట్లో ఎక్కువైతే ఆ కాలు ఎగరదట. అద్దం ఇవతల నిలబడి, కాలు కదిలిన ప్రతిసారీ ఊపిరి వదిలేదాన్ని.

చెల్లి పైన ఐసీయూలో, పాప రెండంతస్తుల కింద ఇంక్యుబేటర్‌లో. మరిది ఒక్కడు. పైన ఉంటే కిందకి, కింద ఉంటే పైకి ప్రాణం లాగుతుంది అతనికి. నిన్న మెట్ల మధ్యలో కూర్చుని కనిపించాడు. ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాను.

నా వంతుకి వచ్చింది మాటలు మొయ్యడం. డాక్టరు రోజుకి ఒకసారి, ఐదు నిమిషాలు చెప్తారు. అదే సంగతి అమ్మకు ఒకలా, మరిదికి ఒకలా, ఇంట్లో ఉన్న చెల్లి కొడుక్కి ఇంకోలా చెప్పాలి. వాడికి నాలుగేళ్ళు. "అమ్మ నిద్రపోతోంది నాన్నా" అంటే ఫోన్లో "ఇంకానా?" అన్నాడు. ఏం చెప్పను? మొదటి రెండు రోజులూ అమ్మ దగ్గర 48 వేల సంగతి దాచాను. దాచకుండా ఉండాల్సింది. నా మొహం చూసి తను అంతకంటే ఘోరమే ఊహించుకుంది.

మధ్యాహ్నం అమ్మ మనసులో మాట బయటపడింది. "పైకడుపులో నొప్పి అంటే గ్యాస్ అనుకున్నానే. తలనొప్పి అంటే పడుకోమన్నాను. మొహం వాచినా అందరికీ ఉండేదే అన్నాను." నాలుగు రోజులుగా ఇదే నమిలి మింగుతోందన్నమాట. నాకు మాట రాలేదు. నాతోనూ చెప్పింది కదా చెల్లి, కళ్ళ ముందు మెరుపుల్లా వస్తున్నాయని. నిద్ర చాలట్లేదేమో అన్నాను నేను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు అమ్మే అడిగేసింది, మేం చేసిన తప్పేనా అని. ఆవిడ నిలబడి మాట్లాడే మనిషి, ఇవాళ కూర్చుంది. ఇది కడుపులో బిడ్డను పోషించే మాయ దగ్గర మొదలయ్యే జబ్బని, చెల్లి తిన్నదాని వల్లో చేసిన పని వల్లో రాలేదని నిదానంగా చెప్పింది. ఆ లక్షణాలు కనిపిస్తే వెంటనే బీపీ చూపించుకోవాలని ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని కూడా అంది. అమ్మ తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు. కానీ నాలుగు రోజుల తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది.

ప్లేట్‌లెట్లు 81 వేలు ఇవాళ. నిన్న ఊపిరి కోసం పెట్టిన గొట్టం తీశాక చెల్లి గొంతు బొంగురుగా ఉంది. నన్ను చూసి ఒక్కటే అడిగింది, "పాప ఏడుస్తోందా?" ఏడుస్తోంది, గట్టిగా ఏడుస్తోంది అన్నాను. ఇది మాత్రం అందరికీ ఒకేలా చెప్పగలిగిన మాట.

నర్సు సాయంతో పిండితే 3 మిల్లీలీటర్ల పాలు వచ్చాయి. సిరంజి మీద చెల్లి పేరు, టైము రాసి నా చేతిలో పెట్టారు. లిఫ్టు కోసం ఆగలేక మెట్లు దిగాను, గుప్పిట మూసుకుని. కింద నర్సు సిరంజిని వెలుతురుకి పట్టి చూసి, "సరిపోతాయమ్మా ఈ పూటకి" అంది.