గీత జారిన పేజీ

నా సెకండియర్ థర్మోడైనమిక్స్ నోట్సులో ఒక పేజీ ఉంది. పైన తేదీ, కింద 'ఎంట్రోపీ' అని హెడ్డింగు, దానికి రెండు అండర్‌లైన్లు. మొదటి మూడు లైన్లు ముత్యాల్లా ఉంటాయి. నాలుగో లైనులో అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కేశాయి. ఐదో లైనులో ఏదో మాట మొదలై, సగంలోనే పొడుగాటి గీతయి పేజీ అంచుదాకా జారిపోయింది. నాకు నిద్ర పట్టింది అక్కడే.

క్లాసు మధ్యాహ్నం రెండింటికి. తప్పంతా భోజనానిదే అనుకుని రెండ్రోజులు తినకుండా వెళ్లాను. నిద్రమత్తు వదల్లేదు సరికదా, ఆకలి తోడైంది. తర్వాత తెలిసిందేమిటంటే, తిన్నా తినకపోయినా ఆ వేళకి ఒంట్లో గడియారమే మన చురుకుదనాన్ని కాస్త తగ్గిస్తుందట. రాత్రి నిద్ర చాలకపోతే మత్తు ఇంకా గట్టిగా లాగుతుంది. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూసేది నేనే కాబట్టి ఇక భోజనాన్ని తిట్టడం మానేశాను.

నిద్ర సంగతి నయం, కనీసం పట్టినట్టు తెలుస్తుంది. కళ్లు తెరిచే ఉండి వినకపోవడముందే, అది దొరకదు. ఓసారి సార్ బోర్డు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, "ఇప్పుడు రాసుకున్నావుగా, పుస్తకం మూసి చెప్పు" అన్నారు. రెండు పేజీలు నింపి ఉన్నాను. ఒక్క ముక్క నోట రాలేదు. చెయ్యి రాసుకుపోతోంది, బుర్ర ఎక్కడో ఊరేగుతోంది.

లాప్‌టాప్ తీసుకెళ్లి చూశాను. ఇంకా ఘోరం, ఎందుకంటే టైపింగ్ వేగం ఎక్కువ. సార్ దగ్గినా టైపు చేసేదాన్ని. 2014లో వచ్చిన ఒక అధ్యయనం లాప్‌టాప్‌లో రాసుకునేవాళ్లు చెప్పింది చెప్పినట్టు దించేస్తున్నారనీ, విషయం అర్థమైందా అని అడిగే ప్రశ్నల్లో వెనకబడ్డారనీ చెప్పింది. తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లకి చేతిరాత గొప్పతనం అంత స్పష్టంగా కనబడలేదు. అయినా నా విషయంలో మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకోటి, పక్కవాళ్ల తెర. క్లాసులో ఎవరైనా లాప్‌టాప్‌లో వేరే పనులు చేసుకుంటుంటే, ఆ తెర కనబడేవాళ్లకీ మార్కులు తగ్గాయని 2013లో కెనడాలో చేసిన ప్రయోగంలో తేలింది. నాకు ప్రయోగం అక్కర్లేదు. ముందు బెంచీ అతను ఏ చెప్పులు కొన్నాడో ఇప్పటికీ చెప్పగలను. ఆ గంటలో చెప్పిన, వేడితో నడిచే ఇంజన్ల సామర్థ్యానికి హద్దు చెప్పే కార్నో సిద్ధాంతం మాత్రం పరీక్ష ముందు రోజు నేర్చుకున్నాను. అప్పట్నుంచి ముందు వరసే. చదువు మీద భక్తి కాదు, చెప్పులు కనబడవని.

చివరికి పనికొచ్చింది చాలా చిన్న సంగతి. సార్ తర్వాతి స్టెప్పు రాసేలోపు, అది ఏమయ్యుంటుందో మార్జిన్లో పెన్సిల్‌తో నేనే రాయడం. ఒక కిలో మంచు సున్నా డిగ్రీల దగ్గర కరిగితే ఎంట్రోపీ ఎంత పెరుగుతుంది? ఉష్ణోగ్రత మారలేదు కదా, సున్నా అని రాశాను. ఎంట్రోపీ పెరుగుదలంటే ఇక్కడ లోపలికెళ్లిన వేడిని ఉష్ణోగ్రతతో భాగించడమే కాబట్టి, సార్ కిలో మంచు కరగడానికి పట్టే 334 కిలోజౌళ్లని సున్నా డిగ్రీలకి సమానమైన 273 కెల్విన్లతో భాగించి, కెల్విన్‌కి సుమారు 1.22 కిలోజౌళ్లు అన్నారు. సున్నా ఎందుకు కాదు? వేడి లోపలికి వెళ్లింది కదా! నా సున్నా పక్కనే ఆయన లెక్క కనబడుతుంటే ఇక నిద్రెక్కడిది. తప్పు రాసిన రోజుల్లోనే ఎక్కువ గుర్తుంది నాకు.

అన్ని క్లాసుల్లోనూ ఇది నడవదు. స్లైడు చూసి చదివేసే క్లాసులో ఊహించడానికి ఏముంటుంది, తర్వాతి లైను తెర మీదే ఉంటుంది. అక్కడ అడిగి వెనక నిలబడతాను, అంతే.

అన్నట్టు, ఆ గీత జారిన పేజీ పూర్తి చేద్దామని పక్కనమ్మాయి నోట్సు అడిగాను. ఆమెదీ నాలుగు లైన్ల దగ్గరే ఆగింది. కింద చిన్న అక్షరాల్లో 'మిగతాది దీని దగ్గర రాసుకోవాలి' అని నా పేరు.