మూడేళ్ల నిధి చాలదు

పచ్చిక బయళ్లలో రెండు ఇనుప వలయాలను ఒకదానిలో ఒకటిగా నేలలోకి దిగగొట్టి, నీళ్లు పోసి, మట్టం ఎంత వేగంగా దిగుతోందో గడియారం చూస్తూ రాసుకోవడం కొంతకాలంగా నా పని. గడ్డి దుబ్బు మొదట్లో పెడితే నీరు చూస్తుండగానే ఇంకిపోతుంది. నాలుగడుగుల అవతల, పశువులు తొక్కితొక్కి గట్టిపడిన నేల మీద, అదే నీరు కదలకుండా నిలబడుతుంది. గట్టి వాన కురిస్తే అక్కడి నీరు పైమట్టిని కూడా లాక్కుపోతుంది. నీటి సంరక్షణ అనగానే ఒకప్పుడు నాకు ఆనకట్టలే గుర్తొచ్చేవి. ఇప్పుడు గడ్డి వేళ్లు గుర్తొస్తున్నాయి.

ఈ పనికి ప్రభుత్వం మా విశ్వవిద్యాలయానికి ఇచ్చే నిధి మూడేళ్లకే. ఆ మూడేళ్లూ వానలు బాగా పడితే కరువులో ఈ నేల ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? అమెరికాలోని అరిజోనాలో శాంటా రీటా ప్రయోగ క్షేత్రం 1903లో మొదలైంది. ఇప్పుడు దాన్ని అరిజోనా విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. గడ్డినేలలోకి మెస్కీట్ అనే ముళ్ల పొదలు ఎలా చొచ్చుకొచ్చాయో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒకే చోట నిలబడి దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ తీసిన ఫొటోలు ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. (ఆ ఫొటోలు చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను.)

కొత్త పరికరం కావాలంటే డబ్బు ఎలాగోలా దొరుకుతుంది. పాత కొలతలను ఏటేటా కొనసాగించే మనిషికి జీతం ఇమ్మంటేనే కష్టం. నన్నడిగితే, ప్రభుత్వం మొదట ఇవ్వాల్సింది ఆ జీతమే.