ఆడపిల్లల వాటా 49 శాతం: ఈ అంకె ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో 1970ల మొదట్లో ప్రాథమిక బళ్లలో ఆడపిల్లలు నూటికి నలభై మంది కూడా లేరు. 2010ల మధ్యకొచ్చేసరికి వాటా 48, 49 శాతం దగ్గరికి చేరింది. తిరుపతిలో బీఎడ్, ఎంఏ ప్రాజెక్టులు చేసే పిల్లలు ప్రపంచ బ్యాంకు పట్టికలో ఈ అంకె చూసి ‘ఇంకొక్క శాతం పెరిగితే సమానత్వం’ అని రాసేస్తుంటారు. ఆ వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి.

మొదటిది, చేరాల్సింది 50 కాదు. మామూలుగా 100 మంది ఆడపిల్లలకు 103 నుంచి 107 మంది దాకా మగపిల్లలు పుడతారు. కాబట్టి బడి ఈడు పిల్లల్లో ఆడపిల్లలు మామూలుగానే 49 శాతం చుట్టూ ఉంటారు. మన చిత్తూరు జిల్లాలో ఒక మండలంలో వెయ్యి మంది మగపిల్లలకు 940 మంది ఆడపిల్లలున్నారనుకోండి. ఒక్కరు కూడా మిగలకుండా అందరూ బడిలో చేరినా వాటా 48.5 దాటదు. అలాంటి చోట 52 కనబడితే, సర్కారు బళ్ల లెక్క మాత్రమే తీసుకున్నారేమో ముందు చూడండి. కొడుకుని కాన్వెంటుకీ కూతుర్ని సర్కారు బడికీ పంపే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. యూడైస్‌లో, అంటే కేంద్ర విద్యాశాఖ ఏటా సేకరించే బళ్ల లెక్కల్లో, సర్కారువీ ప్రైవేటువీ అన్ని యాజమాన్యాలనూ కలిపి తీస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఒక ప్రాంతంలో బడి ఈడు మగపిల్లలు 1,020 మంది, ఆడపిల్లలు 980 మంది. చేరినవాళ్లు 900, 860. ఆడపిల్లల వాటా 48.9 శాతం. మరుసటి ఏడు సగం బళ్లు మూతపడి 450, 430 మంది మిగిలారు. వాటా మళ్లీ 48.9 శాతమే! లింగ సమానత సూచీ (జీపీఐ), అంటే ఆడపిల్లల నమోదు నిష్పత్తిని మగపిల్లల నమోదు నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకె, లెక్కగట్టినా ముందూ 0.99, తర్వాతా 0.99. 0.97కీ 1.03కీ మధ్య ఉంటే యునెస్కో సమానత్వం కిందే లెక్కేస్తుంది. పడిపోయింది నమోదు నిష్పత్తి, అంటే బడి ఈడు పిల్లల్లో చేరినవాళ్ల శాతం, ఒక్కటే: 88 నుంచి 44కి. ఇది ఊహకు తెచ్చిన ఉదాహరణే గానీ, బుర్కినాలో సాయుధ దాడుల వల్ల 2023లో 6,000కు పైగా బళ్లు మూతబడి ఉన్నాయి. ఆ పిల్లలెవరూ వాటా అంకెలో కనబడరు. అందుకే వాటా పక్కన నమోదు నిష్పత్తి పెట్టకుండా ఏ పట్టికా ఇవ్వకూడదంటాను.

మరి ఆడపిల్లలు నిజంగా ఎలా చేరారు? బుర్కినాలో 2005లో మొదలైన బ్రైట్ పథకం చూడదగ్గది. 132 ఊళ్లలో కట్టిన బళ్లవి. మూడు తరగతి గదులు, టీచర్లకు ఇళ్లు, తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం. వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది బడి పక్కనే పెట్టిన చంటిపిల్లల కేంద్రం. తమ్ముణ్ణో చెల్లినో ఎత్తుకోవాల్సి వచ్చి ఇంట్లో ఆగిపోయే పిల్లకి, ఆ బిడ్డని కూడా వెంట తెచ్చుకునే దారి దొరికింది. 90 శాతం హాజరున్న ఆడపిల్లలకు ఇంటికి తీసుకెళ్లే రేషన్ ఇచ్చారు. పరిశోధకులు లెక్కగడితే నమోదు 19 శాతం పాయింట్లు పెరిగింది, మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఇంకో 5 పాయింట్లు ఎక్కువ. అదే దేశం ఉత్తర ప్రాంతంలో ఇలాంటి మరో పథకంలో నెలకు 10 కిలోల పిండి ఇస్తే, ఇంట్లో చిన్నపిల్లల బరువు కూడా మెరుగైంది.

మన దగ్గర 2020 జనవరిలో చిత్తూరులోనే మొదలైన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరు షరతు పెట్టి, తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వేస్తామన్నారు. అయితే ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి ఒక్క మొత్తమే, బిడ్డ ఆడైనా మగైనా ఒకటే. హాజరుకు సాయపడొచ్చు గానీ, ఆడపిల్ల వైపు ప్రత్యేకంగా మొగ్గే గుణం దానికి లేకపోయింది. బ్రైట్‌నీ అమ్మఒడినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఇక లెక్కల్లో దొర్లే తప్పులు. బుర్కినాలో ప్రాథమిక విద్య ఆరేళ్లు, మనకు ఐదేళ్లు. యునెస్కో పట్టికలో 2015 అంటే 2014-15 విద్యాసంవత్సరం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిపోయింది కాబట్టి, పాత చిత్తూరు అంకెల పక్కన కొత్త చిత్తూరు అంకెలు పెడితే పిల్లలు మాయమైనట్టు కనబడుతుంది. మండలాల వారీగా తీసి కలుపుకోవాలి. 2022-23 నుంచి యూడైస్ ఒక్కో విద్యార్థి పేరుతో వివరాలు తీసుకుంటోంది, అంతకుముందు బడి మొత్తం అంకె ఇచ్చేవాళ్లు. ఆ గీత దాటి పోలిక పెట్టొద్దు.

2019-20లో ఒకటో తరగతిలో చేరిన ఆడపిల్లల్లో 2023-24లో ఐదో తరగతికి ఎంతమంది వచ్చారో చూడాలంటే ఆ గీత అడ్డు తగులుతుంది. అప్పుడు బడి అడ్మిషన్ రిజిస్టరు నుంచే నాలుగు గడులు రాసుకోవాలి: అడ్మిషన్ నంబరు, ఆడా మగా, చేరిన తేదీ, టీసీ తీసుకున్న తేదీ. టీసీ తీసుకోకుండానే మానేసినవాళ్లను హాజరు పట్టీతో సరిచూసి పట్టుకోవాలి.