వాడికిప్పుడు ఎంతయింది?

"ఎనిమిదిన్నర దాటింది, వాడింకా ఫోన్ చేయలేదు" అంటూ అమ్మ మూడోసారి నా గదిలోకి వచ్చింది. ఆదివారం ఎనిమిదింటికల్లా తమ్ముడి వీడియో కాల్ రావాలి. ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టుకుని కూర్చుంది.

సరిగ్గా తొమ్మిదింటికి వచ్చింది. జర్మనీలో ఈరోజే గడియారాలు గంట వెనక్కి తిప్పారంట. నిన్నటిదాకా మూడున్నర గంటల తేడా, ఇక మార్చి చివరిదాకా నాలుగున్నర.

"గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పుకుంటారా!" అమ్మకి ఒకటే ఆశ్చర్యం.

వాడి పొయ్యి మీద రాగి సంగటి. తిరుపతి గాంధీ రోడ్డులో కొనిచ్చిన పిండి, ఆఖరి గ్లాసు. అంతా ఉండలు కట్టింది. ఆదివారం అక్కడ అంగళ్లు తీయరు, అదే తినాలి. "కెలుకురా, బాగా కెలుకు" అని అమ్మ ఇక్కడి నుంచే అరుస్తుంటే వాడు ఫోర్కుతో కుస్తీ పడుతున్నాడు. బరువెక్కువైందని సూట్‌కేసులోంచి తెడ్డు తీసేసింది నేనే. ఆ మాట ఈరోజు కూడా గుర్తుచేశాడు.

వెనక కిటికీలో అప్పుడే వెలుతురు తగ్గిపోతోంది. వాడికింకా సాయంత్రం నాలుగున్నరే.

ఒక పరీక్ష పోయిందని మధ్యాహ్నం నాకు మెసేజ్ పెట్టాడు. అమ్మతో మాత్రం నలభై నిమిషాలూ సంగటి గురించే మాట్లాడాడు.

ఫోన్ పెట్టేశాక అమ్మ పెన్ను అడిగింది. క్యాలెండర్‌లో నవంబర్ ఆదివారాలన్నింటి పక్కనా 9 అని రాసుకుంది.