నా సూది నాదే అనుకున్నాను

బావకు ఆపరేషన్ చేయాలన్నారు, రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరు కావాలన్నారు. అక్క నా వైపు చూసింది. రక్తనిధిలో ఇచ్చిన కాగితం నిండా ప్రశ్నలే. కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, మత్తు కోసం ఎప్పుడైనా సూది వేసుకున్నారా. చివరి ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. అక్క పక్కనే ఉంది. ‘లేదు’ అని టిక్కు పెట్టాను.

వారం తిరగకుండానే ఫోను. వీలు చూసుకుని ఒకసారి రమ్మన్నారు. ఎందుకని అడిగితే ఫోనులో చెప్పకూడదన్నారు. ఫోనులో చెప్పకూడని సంగతి ఏమై ఉంటుందో షెడ్డులో వెల్డింగ్ మిషను పక్కన నిలబడే ఊహించాను. ఊహ తప్పింది. నేను అనుకున్నది హెచ్‌ఐవీ, బయటపడింది కాలేయానికి సోకే హెపటైటిస్ సి.

నాది విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. తొమ్మిదేళ్ల కిందట భుజం నొప్పికి వేయించుకున్న ఇంజక్షనుతో మొదలై, రెండేళ్లపాటు అదే మత్తులో బతికాను. నలుగురం ఉండేవాళ్లం. ఎలా మానేశానన్నది వేరే కథ, అది మా అమ్మ చెప్పవలసిన కథ. ఇక్కడ చెప్పవలసింది నా గర్వం గురించి. ఆ నలుగురిలో శుభ్రం పాటించింది నేను ఒక్కడినే. నా సూది ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు, ఎవరిదీ ముట్టుకునేవాణ్ని కాదు. ‘మడి కట్టుకున్నాడురా’ అని మిగతావాళ్లు వెక్కిరించేవారు. ఆ మడి మీద నమ్మకంతోనే ఏడేళ్లపాటు ఒక్క పరీక్షా చేయించుకోలేదు. ఒంట్లో ఏ బాధా లేదు. అప్పుడప్పుడూ నీరసంగా ఉండేది, అది ఎండాకాలం షెడ్డులో ఎవరికి ఉండదు?

విజయవాడలో చూపించుకోవడానికి మనసొప్పలేదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఎదురవుతారు. నాన్‌స్టాప్ బస్సెక్కి కృష్ణ దాటి గుంటూరు వెళ్లాను. మొదట ఒక ప్రైవేటు ల్యాబు. అక్కడి కుర్రాడు నా చీటీ చూసి, ఒకదాని మీద ఒకటి రెండు జతల తొడుగులు వేసుకుని, వరండాలో అందరికీ వినబడేలా ‘ఆ సీ కేసు వచ్చిందండీ’ అని లోపలికి కేక వేశాడు. రక్తం ఇవ్వకుండానే బయటికి వచ్చేశాను. ఆ తర్వాత పది రోజులు ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కలేదు. ఈలోగా కాగితం అమ్మ కంటబడింది. కాలేయమంటే కామెర్లు, కామెర్లంటే పసరు. ఆమె లెక్క అంతే. నాలుగు రోజులు నేల ఉసిరి నూరి తాగించింది. చేదు తప్ప ఏమీ దక్కలేదు.

చివరికి ప్రభుత్వాసుపత్రిలో ఒక కౌన్సెలర్ ముందు కూర్చున్నాను. ఆమె ముందు లేచి తలుపు వేసింది. ఆ తలుపు వేయడంతోనే సగం భయం పోయింది.

‘సూదులు పంచుకునేవారా?’

‘లేదమ్మా. నా సూది నాదే.’ కాస్త గొప్పగానే చెప్పాను.

‘మందు సీసా?’

సీసా ఒకటే.

‘వాడిన సూదే మళ్లీ ఆ సీసాలో గుచ్చేవారా?’

జవాబు చెప్పలేదు.

‘సూది కడుక్కునే నీళ్లు?’

ఒక స్టీలు గ్లాసు ఉండేది. నలుగురం అందులోనే ముంచి కడిగేవాళ్లం. నా సూదిని నేను రెండుసార్లు కడిగేవాణ్ని, శుభ్రం కోసం.

ఆమె నన్ను తప్పుపట్టలేదు. కంటికి కనిపించనంత రక్తం చాలని, అది సీసాలో ఉన్నా, నీళ్లలో ఉన్నా, తుడుచుకున్న దూదిలో ఉన్నా ఒకటేనని చెప్పింది. సిరంజిలో మిగిలిన రక్తపు తడిలో ఈ వైరస్ 63 రోజుల వరకు బతికి ఉండగలదని ప్రయోగాల్లో తేలిందట. మా గ్లాసు రెండు రోజులు కూడా ఖాళీగా ఉండేది కాదు.

రక్తనిధి వాళ్లు చూసింది వైరస్‌తో ఒళ్లు పోరాడిన జాడను మాత్రమే. వైరస్ ఇంకా ఉందో లేదో తేల్చడానికి మరో పరీక్ష ఉంటుంది. సోకిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. ఆ ఒకడిని నేనేనని ఫలితం వచ్చేదాకా మొక్కుకున్నాను. వచ్చింది రక్తంలో వైరస్ లెక్క, ఏడంకెల సంఖ్య. నా పేరు పక్కన ఏడంకెలు చూడటం జీవితంలో అదే మొదలు.

హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ బి లేదు. బి రాకుండా ఉండటానికి ఆరు నెలల్లో మూడు టీకాలు వేశారు. సి కి టీకా లేదు. ప్లేట్‌లెట్లు, ఎంజైములు లెక్కకట్టి, స్కానింగ్ చూసి, కాలేయం ఇంకా గట్టిపడలేదన్నారు. మూర్ఛకు గానీ టీబీకి గానీ మందులు వాడుతున్నారా అని అడిగి, సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ రాశారు. రోజుకు చెరొక మాత్ర, 12 వారాలు. సోఫోస్‌బువిర్ 2013లో అమెరికాలో బయటికి వచ్చినప్పుడు మాత్ర వెయ్యి డాలర్లు, అంటే నా 84 మాత్రలకు 84,000 డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీ నాట్కో దాన్ని తక్కువ ధరకు తెచ్చింది. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ కేంద్రం కట్టించిన నాట్కోయే. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, బస్సు చార్జీలు తప్ప.

మాత్రలు మింగడం కష్టం కాదు. ఇంట్లో చెప్పడమే కష్టమైంది. నా భార్య అంతా విని ‘కంచం వేరు పెట్టాలా?’ అని ఒక్కటే అడిగింది. అక్కర్లేదు, గడ్డం గీసుకునే బ్లేడు, గోళ్ల కత్తెర, పళ్ల బ్రష్షు వేరుగా ఉంటే చాలు. ఆమెకూ పరీక్ష చేయించాను, ఏమీ లేదు. అక్కకు కూడా చెప్పాను. నా రక్తం పారబోశారని కాదు ఆమె బాధ, ఆ టిక్కు గురించి. సోకి కొద్దిరోజులే అయి ఉంటే పరీక్షకు చిక్కకుండా ఆ రక్తం ఇంకెవరికో ఎక్కి ఉండేది. అక్క మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పులేదు.

మాత్రలు అయిపోయాక మరో 12 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేశారు. వైరస్ లేదు. అయినా ఆ జాడ రక్తంలో ఉండిపోతుందని, ఇక రక్తదానం చేయకూడదని, మళ్లీ సూది జోలికి వెళ్తే మళ్లీ సోకుతుందని చెప్పి పంపారు.

ఇక ఆ నలుగురిలో మిగతా ముగ్గురి మాట. ఒకడు రెండేళ్ల కిందట పొట్ట ఉబ్బి పోయాడు. తాగుడు వల్ల అన్నారు. వాడు తాగేవాడు కాదు. ఇంకొకడి ఆచూకీ లేదు. మూడోవాడు కృష్ణలంకలో దొరికాడు, ఇంకా సూది మానలేదు. ‘పోలీసులకు పట్టిస్తారా? మానేస్తేనే మందు ఇస్తారా?’ అని రెండు వారాలు వాయిదా వేశాడు. కౌన్సెలర్‌ను అడిగాను. రెండూ కాదంది. సూది మానకపోయినా వైద్యం చేస్తారు. కొత్త సూదులు ఉచితంగా ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయి, నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రలతో సూదికి దూరమయ్యే దారీ ఉంది.

మొన్న వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. బెంచీ మీద కూర్చున్నాక వాడు మెల్లగా అన్నాడు:

‘నీ సూది నీదే కదరా. మరి నీకెలా వచ్చింది?’

‘స్టీలు గ్లాసు గుర్తుందా?’ అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలి నుంచి వాడి పేరు పిలిచారు. లేచి నిలబడి, ‘అది మా ఇంటి గ్లాసురా’ అని లోపలికి వెళ్లాడు.